అంకెల వరసలో తొమ్మిది అక్షరాలు

ఆ శనివారం ఉదయం, అందరూ ‘వీరు’ అని పిలిచే వీరాంజనేయులు కనిపించినదల్లా మూసేస్తున్నాడు. వంటింట్లో తెరిచి ఉన్న అల్మారాలు మూశాడు. కిటికీ మూశాడు. ఫోన్‌లో మెయిల్ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు. హెచ్ వన్ వీసా లాటరీ ఫలితాలు ఇవాళో రేపో అంటున్నారు. అతనికిది మూడోసారి. ఆఖరిసారి కూడా. ఈసారీ తగలకపోతే అమెరికా వదలాలి. హాల్లో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి లాప్‌టాప్ ముందు కూలబడి, ‘పలక’లో పేరుకుపోయిన పని మీద పడ్డాడు.

‘పలక’ అతను మాస్టర్స్ చదివేటప్పుడు రాసిన చిన్న యాప్. మాట పోయినవాళ్లకి, చేతులు వణికేవాళ్లకి పనికొస్తుంది. టాబ్లెట్ నిండా పెద్ద పెద్ద కీస్ ఉంటాయి. నొక్కిన అక్షరాలు గది అవతలి మనిషికి కూడా కనిపించేంత లావుగా పడతాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి ఆ కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరి భాష వాళ్లు జోడించి పంపొచ్చు. వచ్చినవాటిని చూసి, బాగుంటే కలుపుకోవడం, లేకపోతే వెనక్కి కొట్టడం వీరు పని.

ఆ రోజు మొదట తగిలింది కజఖ్ భాష కీబోర్డ్. పంపినవాళ్ల పేరు కార్లిగాష్. తెరిచి చూస్తే, ఒకటి, రెండు, మూడు ఉండాల్సిన పై వరసలో అంకెలే లేవు. వాటి బదులు తోకలున్నవీ, అడ్డగీతలున్నవీ ఏవో అక్షరాలు కూర్చున్నాయి.

“అంకెలు ఎగిరిపోయాయి. పంపేముందు టెస్ట్ చేసుకోండి” అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి క్లోజ్ చేశాడు.

పొయ్యి మీద పాలు పొంగకముందే జవాబొచ్చింది.

“ఎగిరిపోలేదు. రెండో పేజీలో ఉన్నాయి. కజఖ్ కీబోర్డ్ ఇలాగే ఉంటుంది. నేను రాసిన వివరణ చదివారా?”

చదవలేదు. కానీ ఆ ఉదయం అతను ఎవరి మాటా ఒప్పుకునే స్థితిలో లేడు. “మిగతా ఏ భాషవాళ్లూ అంకెలు తీసేయలేదు” అని కొట్టాడు.

“మిగతా భాషలు కజఖ్ కావు.”

“యూజర్లు కన్ఫ్యూజ్ అవుతారు.”

“కజఖ్ యూజర్లు కారు. మీరు అవుతున్నారు.”

ఆ తర్వాత వచ్చిన మెసేజ్ చూసి వీరు చేతిలో టీ తొణికింది. ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చమైన తెలుగు.

“అంకుల్, రిటైరయ్యాక టైమ్‌పాస్ కోసం ఈ ప్రాజెక్ట్ పట్టుకున్నారా? ముందు చదవండి, తర్వాత క్లోజ్ చేయండి. ప్లీజ్.”

“ఒరేయ్ అక్షయ్! కజఖ్‌స్తాన్ నుంచి ఎవరో నన్ను తెలుగులో తిడుతున్నారు రా!”

రూమ్మేట్ అక్షయ్ సోఫాలోంచి లేచి వచ్చి స్క్రీన్ చూశాడు. చూసి, మళ్లీ సోఫాలో పడి నవ్వాడు. “వీరాంజనేయులు అన్న పేరు చూసి నీకు అరవై ఏళ్లనుకున్నారు బావా. తప్పేముంది?”

వీరు ఇప్పుడు ఆ వివరణ చదివాడు. చదివాక అతనికి కొంచెం సిగ్గేసింది. “నేను నేపర్‌విల్‌లో ఉంటాను. మీరెక్కడున్నారు? కాల్‌లో చూపిస్తారా?” అని రాశాడు, తెలుగులోనే.

తొణికిన టీ తుడిచాడు. తర్వాత ఒక్క మాట వచ్చింది.

“అరోరా.”

అంటే కార్లో పావుగంట.

*

మర్నాడు మధ్యాహ్నం నేపర్‌విల్ లైబ్రరీలో కలుద్దామనుకున్నారు. బయట ఏప్రిల్ వాన. కాసేపు ఏటవాలుగా కొట్టి, కాసేపు మానేసి, మళ్లీ గుర్తొచ్చినట్టు మొదలుపెడుతోంది.

ఒకమ్మాయి గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చుట్టూ చూసి, తిన్నగా వెళ్లి పేపర్ చదువుకుంటున్న ఒక బట్టతల పెద్దాయన ఎదుట నిలబడింది.

“నమస్తే అంకుల్. నిన్న కొంచెం రూడ్‌గా మాట్లాడాను. సారీ. కానీ పాయింట్ మాత్రం నాదే కరెక్ట్.”

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. “పాయింటేంటమ్మా?”

“మీరు వీరాంజనేయులు గారు కదా?”

“కాదమ్మా, నా పేరు గోపాల్. కానీ నువ్వు చెప్పు, వింటాను. ఇంటి దగ్గర ఎలాగూ నన్నెవరూ సారీ అడగరు.”

పక్క టేబుల్ దగ్గర వీరు నవ్వు ఆపుకోలేక లేచి నిలబడ్డాడు. “వీరాంజనేయుల్ని నేనండీ.”

ఆమె అతని వైపు తిరిగింది. అతని హుడీ, గడ్డం, చిరిగిన స్నీకర్స్ వరసగా చూసింది. “నువ్వా? అంటే... మీరా?”

“మా నాయనమ్మ మొక్కుకుందండీ. నన్నడగలేదు. మీరు కార్లిగాష్...”

“నేను దేదీప్య. కార్లిగాష్ మా అపా. ఆవిడ పేరుతో పంపింది నేనే.”

కూర్చోబోయి, ఆ కుర్చీ నచ్చక పక్క కుర్చీలోకి మారింది. అక్కడ ఏసీ గాలి కొడుతోందని మూడో కుర్చీలోకి మారింది. అప్పుడు చెప్పింది. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియక, ఇంగ్లీషు టీచర్‌గా కజఖ్‌స్తాన్‌లోని కిజిలోర్దా వెళ్లింది. కార్లిగాష్ అనే ఆవిడ ఇంట్లో రెండేళ్లు ఉంది. అక్కడ పెద్దావిడల్ని ‘అపా’ అంటారు. ఆవిడ నలభై ఏళ్లు కజఖ్ సాహిత్యం చెప్పిన టీచర్. దేదీప్య తిరిగొచ్చాక కజఖ్‌లో మెసేజ్ పంపితే, తప్పులు దిద్ది వెనక్కి పంపేది.

“పోయినేడు గొంతులో కేన్సర్ వచ్చింది. సర్జరీలో వాయిస్ బాక్స్ తీసేశారు. ఇంక మాట రాదు. చేతులు వణుకుతాయి, పెన్ను పట్టుకోలేదు. మీ పలక నేనే పంపించా. కానీ అందులో రష్యన్ ఉంది, కజఖ్ లేదు.”

“రెండింటికీ లిపి ఒకటే కదండీ? అక్కడ చాలామంది రష్యన్ అక్షరాలతోనే సర్దుకుంటారని ఎక్కడో చదివాను.”

“సర్దుకుంటారు. అపా సర్దుకోదు. కజఖ్‌లో తొమ్మిది అక్షరాలు ఎక్స్‌ట్రా ఉంటాయి. అవి లేకపోతే మాట మారిపోతుంది. ఇదిగో, ఈ ‘ఉ’కి అడ్డగీత ఉందా? దీంతో ‘ఉన్’ అని రాస్తే పిండి. అడ్డగీత లేకుండా రాస్తే గొంతు. రష్యన్‌లో ఈ రెండూ లేవు, రెండింటికీ వేరే ‘ఉ’ ఒకటే. ఒకసారి నేను రష్యన్ అక్షరాలతో ‘మీ గొంతు వినాలనుంది’ అని పంపితే, అపా వాళ్ల మనవరాలితో నాకు పిండి బస్తా ఫోటో పంపించింది.”

వీరు గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“మీరు చెప్పండి. తెలుగులో కల, కళ రెండూ ఒకే అక్షరంతో రాయమంటే?”

కానీ ఆమె నోటి నుంచి రెండూ ‘కల’ అనే వచ్చాయి.

“రెండోది మళ్లీ అనండి?”

“కల.”

“అది మొదటిదండీ.”

“అదే అన్నా కదా! కల!” ఆమె మొహం ఎర్రబడింది. “సరే, నాకు ఆ సౌండ్ రాదు. కానీ ఇది వచ్చు.” అంటూ గొంతు లోపలి నుంచి, ఎక్కడో అడుగు నుంచి ఒక ‘క’ పలికింది. “మీరనండి చూద్దాం.”

వీరు ప్రయత్నించాడు. పక్క టేబుల్ గోపాల్ గారు పేపర్ దించి, “నీళ్లు తాగు బాబూ” అన్నారు.

అప్పుడు నవ్వింది దేదీప్య. ఆ నవ్వు చూడగానే వీరుకి నిన్నటి నుంచి మొదటిసారి మెయిల్ సంగతి గుర్తుకు రాలేదు.

ఆమె ఫోన్‌లో ఒక వీడియో పెట్టింది. తలకి తెల్లటి గుడ్డ కట్టుకున్న ముసలావిడ, ఒళ్లో టాబ్లెట్. వణికే వేలితో ఒక అక్షరం నొక్కింది, రెండోది నొక్కింది. మూడోది వెతికింది. పై నుంచి కింద దాకా వెతికింది. లేదు. టాబ్లెట్ బోర్లించి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వీరు లాప్‌టాప్ తెరిచి, నిన్న మూసిన దాన్ని మళ్లీ ఓపెన్ చేశాడు. “కూర్చోండి. చేసేద్దాం.”

“కూర్చునే ఉన్నా కదా?”

చూస్తే మళ్లీ కుర్చీ మారింది.

*

అనుకున్నంత తేలిక కాలేదు. అపా చేతి వణుకుకి కీ మీద వేలు నొక్కిపట్టి ఉంచడం కుదరదు. అందుకని ఏ అక్షరాన్నీ ఇంకో అక్షరం కింద దాచడానికి లేదు. కీస్ చిన్నవి చేస్తే వేలు పక్కదాని మీద పడుతుంది. పెద్దవి చేస్తే అన్నీ పట్టవు. ఆదివారాలు లైబ్రరీలో కూర్చుని చేసేవారు. లైబ్రరీ మూస్తే ఆమె కార్లో కూర్చునేవారు, వైపర్లు ఆడుతుంటే, ఒకే లాప్‌టాప్ ఇద్దరి మోకాళ్ల మీద.

ఇద్దరిలో ఒక్కరికీ కుదురు లేదు. అతని కాలు టేబుల్ కింద ఆడుతూనే ఉండేది. ఆమెకి రెండు యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ వచ్చింది, మాట పోయినవాళ్లకి మాట నేర్పే చదువు. ఒకటి డాలస్, ఒకటి డిట్రాయిట్. పొద్దున డాలస్ అనేది, సాయంత్రం డిట్రాయిట్ అనేది, మధ్యలో అసలు చదువే వద్దు, కిజిలోర్దా వెళ్లిపోతా అనేది.

“కాపెల్‌లో మా అత్త ఉంది. డాలస్ అయితే వాళ్లింట్లో ఉండొచ్చు.”

“అయితే డాలసే కదండీ.”

“ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పిన్ని ఉంది. డిట్రాయిట్ అయితే వాళ్లింట్లో ఉండొచ్చు.”

“మీ చుట్టాలు లేని ఊరు చెప్పండి, అదొక్కటీ తీసేద్దాం.”

ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. ఇచ్చిన చేయి వెంటనే తీయలేదు. ఇద్దరూ స్క్రీన్ వైపు చాలా శ్రద్ధగా చూశారు. స్క్రీన్ మీద ఏమీ లేదు.

ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి పిలిచారు. దేదీప్య తండ్రి రాజారావు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తల్లి సుధ ఆయన వంతు కూడా మాట్లాడుతుంది.

“ఏ ఊరు బాబూ?”

“బాపట్లండీ.”

“ఏ కంపెనీ?”

చెప్పాడు.

“వీసా?”

“లాటరీ ఈ వారం అంటున్నారు ఆంటీ. పోయిన వారం కూడా అన్నారు.”

“వస్తుందిలే” అన్నారు రాజారావు. ఆ పూట ఆయన మాట్లాడింది అదొక్కటే.

సుధ పప్పు వడ్డిస్తూ కూతురి గురించి మొదలుపెట్టింది. “దీనికి ఒకచోట కాలు నిలవదు. మెడిసిన్ అంది, మానేసింది. ఆ దేశమేదో వెళ్తానంది, వెళ్లింది. ఇప్పుడు రోజుకో ఊరు. దీనికైతే కుదురైనవాడు దొరకాలి బాబూ. ఇల్లూ వాకిలీ ఉండి, ఒకచోట పాతుకుని ఉన్నవాడు.”

“అమ్మా! నేనేమైనా టెంటా, పాతడానికి?” అంది దేదీప్య.

అందరూ నవ్వారు. వీరు కూడా నవ్వాడు. కానీ ఆ మాట అతనితో పాటే కారెక్కి ఇంటిదాకా వచ్చింది.

*

మెయిల్ మంగళవారం ఆఫీసులో ఉండగా వచ్చింది. లాటరీ తగల్లేదు.

మేనేజర్ మంచిగానే మాట్లాడాడు. టొరాంటో ఆఫీసులో చోటుంది, నెలాఖరులోగా వెళ్లాలి, ఇక్కడ సర్దుకోమన్నాడు. వీరు థాంక్స్ చెప్పి, బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుని, మళ్లీ కడుక్కుని, వచ్చి కూర్చున్నాడు.

దేదీప్యకి చెప్పడానికి ఫోన్ తీశాడు. ‘పాతుకుని ఉన్నవాడు’ అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత ఆమె మెసేజ్ పెడితే “కొంచెం బిజీ అండీ” అన్నాడు. ఆదివారం వస్తావా అంటే, “ఈ వారం కుదరదు” అన్నాడు. ఎలాగైనా వెళ్లేలోపు అపా కీబోర్డ్ పంపేస్తే చాలనుకున్నాడు. ఒక్కడే కూర్చుని మిగిలిన కోడ్ హడావిడిగా శుభ్రం చేసి, ఆమెకి చూపించకుండానే రిలీజ్ చేసేశాడు. “అయిపోయింది. అపాకి అప్‌డేట్ చేసుకోమనండి” అని రాసి, ఆమె పంపిన లవ్ సింబల్‌కి థంబ్స్ అప్ కొట్టాడు.

శనివారం ఉదయం ఎవరో తలుపు బాదారు. అక్షయ్ తీశాడు. వానలో తడిసిపోయి దేదీప్య.

“ఎక్కడ ఆ అంకుల్?”

వీరు గదిలోంచి వచ్చాడు.

“టెస్ట్ చేశావా నువ్వు?” ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుంది. “నాకు మొదటిరోజు ఏం చెప్పావు? పంపేముందు టెస్ట్ చేసుకోమన్నావు. నువ్వు చేశావా?”

“ఏమైంది?”

“రెండు ‘ఉ’లు తారుమారు చేశావు. కీ మీద ఒకటి కనిపిస్తోంది, నొక్కితే ఇంకోటి పడుతోంది. ఇవాళ వాళ్లింట్లో అందరూ వచ్చారు. అపా మొదటిసారి కజఖ్‌లో మాట్లాడుతుందని. చుట్టాలు, స్టూడెంట్స్, అందరూ. అపా ‘నా గొంతు తిరిగొచ్చింది’ అని రాసింది. అక్షరం అక్షరం, ఎంతసేపు పట్టిందో తెలుసా? స్క్రీన్ మీద ‘నా పిండి తిరిగొచ్చింది’ అని పడింది.”

వీరు గోడకి ఆనుకున్నాడు.

“పిల్లలు నవ్వారు. పెద్దాళ్లు కూడా నవ్వారు, పాపం వాళ్లకేం తెలుసు? అపా నవ్వలేదు. టాబ్లెట్ పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది. ఇంక ముట్టుకోనంటోందట. నువ్వు ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే థంబ్స్ అప్! నేనేం చేశాను నీకు?”

“అదేం లేదండీ, పని కొంచెం...”

“అండీ అనకు!”

అక్షయ్ ఇద్దరి మధ్యలోకి వచ్చాడు. “మీరు తిట్టండి, తప్పులేదు. కానీ వాడు కూడా ఆ టెన్షన్‌లో ఉన్నాడు కదా. లాటరీ పోయింది, ఈ నెల్లోనే వెళ్లిపోవాలి...” అని, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. “చెప్పలేదా నువ్వు? నేను... కార్ వాష్‌కి వెళ్లొస్తా.”

వానలో కార్ వాష్‌కి వెళ్లిపోయాడు.

గదిలో సగం సర్దిన పెట్టెలు కనిపిస్తున్నాయి. దేదీప్య వాటిని చూసింది.

“ఎక్కడికి?”

“టొరాంటో.”

“నాకెప్పుడు చెబుదామనుకున్నావు? బోర్డర్ దాటాకా?”

“ఏమని చెప్పను? మీ అమ్మగారు కుదురైనవాడు కావాలన్నారు. నాకు వచ్చే నెల ఏ ఊళ్లో పడుకుంటానో తెలీదు.”

“కావాలన్నది అమ్మ. నేనన్నానా?”

అతను తెరిచి ఉన్న ఒక పెట్టె మూశాడు.

“నేనన్నానా వీరూ?”

“లేదు.”

ఆమె కళ్లు తుడుచుకుని, అతని కుర్చీ లాక్కుని కూర్చుంది. “లాప్‌టాప్ తియ్యి. ముందు ఇది సరిచెయ్యి. తర్వాత నిన్ను తిడతా.”

తప్పు రెండు లైన్లలో ఉంది. ఒకదాని చోట ఒకటి. సరిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈసారి ప్రతి కీ ఆమె నొక్కింది, పడిన ప్రతి అక్షరం అతను పైకి చదివాడు. అంతా అయ్యాక తిట్టకుండానే వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండునని వీరుకి అనిపించింది.

*

అపా టాబ్లెట్ ముట్టుకోలేదు. కొత్త అప్‌డేట్ వేశామని మనవరాలు ఐజాన్ చెప్పినా తల అడ్డంగా ఊపింది. దేదీప్య వీడియో కాల్ చేస్తే చూసేది, చేయి ఊపేది, అంతే.

ఆ వారమంతా వీరు ఆఫీసు నుంచి వచ్చి ఒకటే పని చేశాడు. ఆదివారం ఉదయం దేదీప్యకి ఫోన్ చేసి, “అపాకి నేను సారీ చెప్పుకోవాలి. ఒక్కసారి కాల్ కలుపుతావా?” అన్నాడు. ‘అండీ’ లేదన్నది ఇద్దరూ గమనించారు. 

లైబ్రరీలో చిన్న గది తీసుకున్నారు. కిజిలోర్దాలో అప్పటికి సాయంత్రం. స్క్రీన్‌లో అపా, వెనక ఐజాన్. వీరు తన టాబ్లెట్ తీశాడు. ఆ వారమంతా అతను కజఖ్‌లో, సొంతంగా, డిక్షనరీ ముందేసుకుని నాలుగు వాక్యాలు కూర్చుకున్నాడు. వాటిని ‘పలక’ మీద నొక్కి, పెద్ద అక్షరాలు కెమెరాకి చూపించాడు.

‘అపా, క్షమించండి. మీ అక్షరాలు తారుమారు చేసింది నేను. ఎవరో నవ్వుతారని నాకు తోచలేదు. మీరు మాట్లాడితే వినాలని ఎదురుచూస్తున్నాను.’

అపా కళ్లజోడు పెట్టుకుంది. చదివింది. మళ్లీ చదివింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో కావాలన్నట్టు చేయి చాచింది. ఐజాన్ టాబ్లెట్ ఇచ్చింది.

వణికే వేలు పై వరసలోకి వెళ్లింది. ఒక్కసారి నొక్కింది. టాబ్లెట్ తిప్పి కెమెరాకి చూపించింది.

స్క్రీన్ నిండా ఒకే ఒక్క అక్షరం. అడ్డగీత ఉన్న ‘గ’.

“ఏమంటున్నారు?” వీరు కంగారుపడ్డాడు.

దేదీప్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “మూడో లైన్‌లో నువ్వు రష్యన్ ‘గ’ వేశావు. స్పెల్లింగ్ మిస్టేక్.”

అపా ఇంకో మాట నొక్కి చూపించింది.

“ఇప్పుడేమంటున్నారు?”

“మళ్లీ రాయమంటోంది.” దేదీప్య ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేకపోతోంది. వీరు తల వంచుకుని వాక్యం మళ్లీ రాసి చూపించాడు. అపా తల ఊపి, తర్వాతి తప్పు పట్టుకుంది.

బయటికి వచ్చేసరికి వాన తగ్గి, తుప్పర పడుతోంది. పార్కింగ్‌లో ఆమె కార్ దగ్గర ఇద్దరూ ఆగారు. ఆమె తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తోంది.

“నేను డిట్రాయిట్ తీసుకున్నా” అంది. “సీట్ కన్ఫర్మ్ చేశా. అక్కడ గొంతు పోయినవాళ్లకి ట్రెయినింగ్ ఇచ్చే క్లినిక్ ఉంది, అందుకు. నీ కోసం కాదు.”

“మంచిది.”

“పిన్ని వాళ్లింటి నుంచి టొరాంటో నాలుగు గంటలు డ్రైవ్. ఊరికే చూశా, మ్యాప్‌లో.”

“నేను కూడా ఊరికే చూశా.”

“నువ్వెందుకు చూశావు? నేను డాలస్ వెళ్తానో, డిట్రాయిట్ వెళ్తానో నీకు తెలీదు కదా?”

“డాలస్ నుంచి కూడా చూశా. ఇరవై రెండు గంటలు. మధ్యలో ఎక్కడ ఆగాలో కూడా చూసుకున్నా.”

ఆమె తాళాలు ఆడించడం ఆపింది.

“దేదీప్యా, నాకు ఇల్లు లేదు, వాకిలి లేదు. కెనడా ఎన్నాళ్లో, ఆ తర్వాత ఎక్కడో తెలీదు. నువ్వంటే ఇష్టమన్న సంగతి ఒక్కటే తెలుసు. మొన్న చెబితే నిన్ను కూడా ఈ గందరగోళంలోకి లాగినట్టవుతుందని భయపడ్డా. చెప్పకుండా వెళ్లడం ఇంకా భయంగా ఉంది.”

“నేను మూడు కుర్చీలు మారితే గానీ కూర్చోలేను” అంది ఆమె మెల్లిగా. “కుదురైనవాడు నాతో పడలేడు వీరూ. పారిపోతాడు.” అతని హుడీ తాడు పట్టుకుని దగ్గరికి లాగింది. “నాకూ ఇష్టమే. అంకుల్.”

*

దేదీప్య ఇంట్లో సంగతి చెప్పాక సుధ ఒకటిన్నర రోజు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది పెద్ద వార్త. రాజారావు భార్య మాట్లాడనప్పుడు ఆమె వంతు మాట్లాడాల్సి వచ్చి, వీరుకి స్వయంగా ఫోన్ చేశారు. “వెళ్లేముందు ఒకసారి ఇంటికి రా బాబూ” అన్నారు.

అతను వెళ్లేసరికి టీవీకి లాప్‌టాప్ కలిపి ఉంది. తెర మీద అపా, టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని, మెడకి సిల్కు రుమాలు చుట్టుకుని ఉంది.

“ప్రయాణమయ్యేవాళ్లకి పెద్దవాళ్లు దీవెన చెప్తారు అక్కడ. అపా చెప్తానంది” అంది దేదీప్య. “అందరూ ఇలా అరచేతులు పైకి పట్టి కూర్చోవాలి. దీవెన అయ్యేదాకా దించకూడదు.”

నలుగురూ సోఫాలో వరసగా కూర్చుని, దోసిళ్లు తెరిచినట్టు చేతులు పట్టారు. మామూలుగా అయితే అపా గడగడా చెప్పేసేదట. ఇప్పుడు నొక్కింది. ఒక అక్షరం. ఆగి, ఇంకో అక్షరం. చేతులు లాగడం మొదలైంది. రాజారావు మోచేతులు మోకాళ్ల మీదికి దిగబోతుంటే సుధ చూపుతోనే లేపింది. దేదీప్య కదల్లేదు. వీరు ఓరగా చూశాడు. ఆమె అంతసేపు ఒకచోట కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

మాట పూర్తయినప్పుడల్లా అపా టాబ్లెట్ ఎత్తి చూపింది. దేదీప్య మెల్లిగా తెలుగు చేసింది.

“మీ దారి తెరిచి ఉండాలి.”

వంటింట్లో కుక్కర్ కూసింది. ఎవరూ లేవలేదు.

“దిగిన చోటల్లా మంచినీళ్లు దొరకాలి.”

మళ్లీ చాలాసేపు. అపా వేలు ఒకచోట తడబడింది. చెరిపేసి, మళ్లీ నొక్కింది.

“ఒకరి మాట...” దేదీప్య తెర మీది అక్షరాలు మళ్లీ చూసింది. “ఒకరి మాట ఒకరికి ఎప్పుడూ వినపడాలి.”

అపా రెండు చేతులూ ఎత్తి మొహం మీదుగా కిందికి దించుకుంది. వీళ్లూ అలాగే చేశారు. సుధ చేతులు కళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాయి.

అప్పుడు అపా మళ్లీ టాబ్లెట్ తీసుకుని ఏదో నొక్కింది. ఈసారి నేరుగా సుధ వైపు చూస్తూ చూపించింది.

“ఏమంటోందే?” అంది సుధ.

దేదీప్య చెప్పడానికి వెనకాడింది. “అమ్మాయి వాళ్లమ్మ కూడా సరేనంటేనే దీవెన పూర్తయినట్టట. నువ్వేమంటావని అడుగుతోంది.”

సుధ కూతుర్ని చూసింది. పక్కన ఎటు చూడాలో తెలియక కార్పెట్ వైపు చూస్తున్న కుర్రాణ్ణి చూసింది. తెర మీద, సముద్రాల అవతల, జవాబు కోసం ఓపిగ్గా కూర్చున్న ఆ పెద్దావిడని చూసింది.

“అంత పెద్దావిడ అంత కష్టపడి ఒక్కో అక్షరం రాస్తే, నేను నోటితో కాదంటానా?” అని, కళ్లు తుడుచుకుని, వీరు తెచ్చిన టాబ్లెట్ కోసం చేయి చాచింది. “ఆ పలక ఇలా ఇవ్వు. వాళ్ల భాషలో ‘అవును’ అనాలంటే ఏవి నొక్కాలి?”

“రెండే అక్షరాలు ఆంటీ” అన్నాడు వీరు. మొదటిది చూపించాడు. రెండోది పై వరసలో ఉంది.

సుధ తనే నొక్కింది. రెండూ పడ్డాయో లేదో ఒకసారి సరిచూసుకుని, టాబ్లెట్‌ని రెండు చేతులతో పట్టుకుని తెరకి ఎదురుగా ఎత్తింది.

అపా కళ్లజోడు సవరించుకుని, తప్పులేమైనా ఉన్నాయేమోనని చదివింది. తర్వాత నవ్వింది.